రిపోర్టులో ‘నిల్’ వస్తే... కత్తి పెట్టకుండా కారణం చెప్పే పరీక్షలు ఎట్లా వచ్చాయి?

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసే గుడి చుట్టూ తిరుగుతారు. అదే జంట పిల్లల కోసం హన్మకొండలో డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కరే లోపలికి వెళ్తారు. ఓపీ చీటీ ఆమె పేరు మీద, స్కానింగ్ ఆమెకు, ట్యూబుల ఎక్స్‌రే ఆమెకు. అవసరమైతే మత్తిచ్చి పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాప్రోస్కోపీ కూడా ఆమెకే. ‘మా పిలగానికేం తక్కువ?’ అని అత్తమ్మ అన్న మాట దగ్గరే అతని సంగతి ఆగిపోతుంది. సూది కూడా గుచ్చని, అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే వీర్య పరీక్ష వంతు చాలా ఇళ్లలో ఆఖరుకు గాని రాదు.

ఏడాది పాటు ఏ జాగ్రత్తా తీసుకోకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమిగా లెక్కిస్తారు. ప్రపంచంలో ప్రతి 6గురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇలాంటి జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కారణం కూడా కలిసి ఉంటుంది. ఆ లెక్కన మొదటి వారంలోనే జరగాల్సిన పరీక్ష ఇది.

దీన్ని ఉత్త మొహమాటం అనుకుందామా అంటే, ఈ జిల్లాల చరిత్ర అట్లా చెప్పదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన జిల్లాల్లో కరీంనగర్, వరంగల్ ఉండేవి. పిల్లలు చాలనుకున్నప్పుడు వేసెక్టమీకి ముందుకొచ్చిన ఇళ్లే, పిల్లలు కావాలనుకున్నప్పుడు ఒక డబ్బాలో శాంపిల్ ఇవ్వడానికి వెనకాడుతున్నాయి. ఈ వేసెక్టమీ ప్రస్తావన కథలో మళ్లీ వస్తుంది.

వీర్యకణాన్ని మనిషి మొదట చూసింది 1677లో. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసే లీవెన్‌హుక్ దగ్గరికి యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒక రోగి శాంపిల్ తీసుకొచ్చాడు. తాను చేసిన సూక్ష్మదర్శినిలో లీవెన్‌హుక్ తోకలున్న కణాలు కదలడం చూసి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఆ కణాలను వరుసగా లెక్కపెట్టి, వాటికీ పిల్లలు కావడానికీ సంబంధం చూపడానికి ఇంకో 250 ఏళ్లు పట్టింది. 1929లో అమెరికాలో మాకోంబర్, శాండర్స్ అనే వైద్యులు మిల్లీలీటరుకు 6 కోట్లు ఉంటే మంచిదన్నారు. 1951లో మాక్లౌడ్, గోల్డ్ పిల్లలున్న వెయ్యి మందినీ పిల్లలు కాని దంపతుల్లోని వెయ్యి మంది మగవాళ్లనూ పోల్చి ఆ గీతను 2 కోట్లకు దించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో తెచ్చిన లాబ్ మాన్యువల్ కూడా ఆ 2 కోట్లనే పట్టుకుంది. 2010 నాటి అయిదో ముద్రణలో అది కోటి 50 లక్షలైంది, 2021 నాటి ఆరో ముద్రణలో కోటి 60 లక్షలు.

అంటే మిల్లీలీటరుకు కోటి 70 లక్షలున్న మనిషి 2009లో ‘కౌంట్ తక్కువ’, 2011లో ‘నార్మల్’. అతని ఒంట్లో మారిందేమీ లేదు. 2010 లెక్కలు పెళ్లాం 12 నెలల లోపు గర్భవతి అయిన 1,953 మంది తండ్రుల నుంచి వచ్చాయి. వారిలో అడుగున ఉన్న 5 శాతం ఎక్కడ తెగుతుందో అక్కడ గీత గీశారు. ఆ తండ్రుల్లో మన దేశం వాళ్లు లేరు. గీతకు కింద ఉన్నవాళ్లకూ పిల్లలు పుడతారు, పైన ఉన్నవాళ్లకూ పుట్టకపోవచ్చు. కౌంట్ చూసి ఇంట్లో పంచాయితీ పెట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆ శాంపిల్ తీసే తీరు కూడా చెప్పాలి. 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండాలి. లాబ్ ఇచ్చిన వెడల్పు మూతి డబ్బాలోనే ఇవ్వాలి, మామూలు కండోమ్‌లో పట్టి తెస్తే అందులోని రసాయనాలకు కణాలు చచ్చిపోతాయి. వీర్యం గడ్డలా వచ్చి అరగంట, గంటలో నీరవుతుంది. అది నీరయ్యాక, గంటలోపే స్లైడ్ మీదికి వెళ్లాలి. ఏటూరునాగారంలో ఇంటి దగ్గర శాంపిల్ పట్టి బస్సులో హన్మకొండకు తెస్తే ఆ గంట ఎప్పుడో దాటిపోతుంది. కదలిక లేదని రిపోర్టు వస్తే అందులో తప్పు మనిషిదెంతో, ప్రయాణానిదెంతో తేలదు. లాబ్‌లో శాంపిల్ ఇవ్వడానికి చూపించేది చాలా చోట్ల అందరూ వాడే బాత్రూమే, బయట నుంచి తలుపు తట్టేవాళ్లూ ఉంటారు. ఇక వీర్యకణాలు తయారుకావడానికే సుమారు 74 రోజులు పడుతుంది. రెండు నెలల కింద గట్టి జ్వరం వచ్చి ఉంటే దాని దెబ్బ ఈ రోజు రిపోర్టులో కనబడుతుంది. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదనేది అందుకే.

కౌంట్ తక్కువ అని వస్తే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కష్టమంతా ‘నిల్’ అని వచ్చినప్పుడే. దీన్ని అజూస్పెర్మియా అంటారు, సంతానలేమితో వచ్చే మగవాళ్లలో 10 నుంచి 15 శాతం మందిది ఈ రిపోర్టే. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగిన దాన్ని కూడా వెతికాకే ఆ మాట రాయాలి. అప్పుడొచ్చే ప్రశ్న ఒకటే: చేనులో మిర్చి పండలేదా, పండినా ఏనుమాముల మార్కెట్‌కు దారి లేక అక్కడే ఆగిందా? వృషణంలో తయారీయే లేకపోవడం ఒకటి. తయారైనవి బయటికొచ్చే నాళం మూసుకుపోవడం ఇంకొకటి. రెంటికీ రిపోర్టు ఒకటే, వైద్యం మాత్రం వేరు.

1940లో చార్నీ అనే అమెరికన్ వైద్యుడు దీనికి వృషణం నుంచి చిన్న ముక్క కోసి చూడటాన్ని ప్రవేశపెట్టాడు. తర్వాత దశాబ్దాల పాటు గట్టి జవాబు కావాలంటే కత్తే దారి. 1970లో జాన్సెన్ ఆ ముక్కకు 1 నుంచి 10 దాకా మార్కులు వేసే పద్ధతి తెచ్చాడు. నొప్పి, వాపు, లోపల రక్తం గడ్డకట్టడం రోగి వంతు. పైగా కోసిన చోట కణాలు లేకపోతే పక్కన కూడా లేవని కాదు.

కోయకుండా తెలుసుకునే మొదటి ఆధారం వీర్యంలోని చక్కెరలో దొరికింది. ఆ చక్కెర ఫ్రక్టోజ్ అని 1946లో కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన థడ్డియస్ మాన్ తేల్చాడు. అది శుక్రాశయాల్లో, అంటే వీర్యవాహికల చివర వచ్చి కలిసే సంచుల్లో, తయారవుతుంది. రిసార్సినాల్ అనే రసాయనం కలిపి వేడి చేస్తే నారింజ ఎరుపు రంగు వస్తుంది, రంగు రాకపోతే ఫ్రక్టోజ్ లేనట్టు. పెద్ద యంత్రమేమీ అక్కర్లేని పరీక్ష ఇది. వీర్యం మోతాదు 1 మిల్లీలీటరు కంటే తక్కువ, పులుపు గుణం ఎక్కువ, ఫ్రక్టోజ్ లేదు అని మూడూ ఒకే రిపోర్టులో కనిపిస్తే లోపం చాలావరకు దారిలోనే ఉన్నట్టు: స్ఖలన నాళం మూసుకుపోయి ఉండాలి, లేదా వీర్యవాహికలు పుట్టుకతోనే లేకపోవాలి. వాహికలు లేకపోవడం అనుభవమున్న డాక్టర్ వేళ్లతో తడిమినా తెలుస్తుంది. అసలు మగ రోగిని పడుకోబెట్టి చూసే అలవాటే తగ్గిపోయింది, అది వేరే బాధ. వాహికలు పుట్టుకతోనే లేనివాళ్లలో చాలామందికి 1989లో కనిపెట్టిన సీఎఫ్‌టీఆర్ జన్యువులో మార్పులుంటాయి. మోతాదు, ఫ్రక్టోజ్ రెండూ మామూలుగా ఉన్నా అడ్డు ఇంకాస్త పైన, వృషణాన్ని ఆనుకుని చుట్టలా ఉండే ఎపిడిడిమిస్ అనే నాళం దగ్గర ఉండొచ్చు. మన దగ్గర దానికి టీబీ కూడా ఒక కారణం.

రెండో దారి రక్తం. రక్తంలో హార్మోన్లను అతి తక్కువ మోతాదులో కూడా కొలిచే పద్ధతిని రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1950లలో కనిపెట్టారు, యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. వృషణం పని చేయకపోతే మెదడు కింది గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ను ఎక్కువెక్కువగా పంపిస్తుంది. ఆ 1977లోనే కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని తమంతట తామే గమనించి పరీక్షలు చేయించుకున్నారు. చాలామందికి కౌంట్ పడిపోయింది, ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగింది. రెండేళ్లకు అమెరికా ఆ మందును చాలామటుకు ఆపేసింది. పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్ల సంతానంపై మన దేశ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. మందు తగిలే మగవాళ్లలో పిల్లలు కలిగినవాళ్లు తక్కువ, గర్భస్రావాలు ఎక్కువ అని అది చెప్పింది. పత్తి పండే ఈ జిల్లాల్లో ‘మందు కొడతావా?’ అనే ప్రశ్న కేసు షీట్‌లో ఉండాల్సిందే, నాకు కనబడ్డవాటిలో మాత్రం లేదు.

2002లో వచ్చిన ఒక అధ్యయనం కత్తికి చాలావరకు సెలవిచ్చింది. దారి మూసుకున్న వాళ్లలో 96 శాతం మందికి ఎఫ్‌ఎస్‌హెచ్ లీటరుకు 7.6 యూనిట్ల లోపు, లేదా వృషణం పొడవు 4.6 సెంటీమీటర్లకు పైన ఉంది. తయారీ లేనివాళ్లలో 89 శాతం మందికి దానికి తలకిందులు. అంటే ఒక రక్త పరీక్ష, ఒక కొలత చాలాసార్లు సరిపోతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ మరీ తక్కువగా ఉండటం కూడా ఒక జవాబే. జిమ్ములో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకునే కుర్రాళ్లలో మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ ఆగిపోయి కౌంట్ సున్నాకు పడుతుంది.

మూడోది జన్యువులు. 1976లో ఇటలీకి చెందిన తియెపోలో, జుఫార్ది వై క్రోమోజోమ్‌లో ఒక భాగం లేకపోతే వీర్యకణాలు తయారుకావని చూపారు. 1996లో ఆ ప్రాంతాన్ని ఎజెడ్‌ఎఫ్ ఏ, బీ, సీ అని మూడుగా విడదీశారు. ఇక్కడి నుంచి హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కథలోకి వస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు 340 మంది భారతీయ అజూస్పెర్మియా పురుషులను పరీక్షించి 8.5 శాతం మందిలో ఈ లోపం ఉందని 2003లో ప్రచురించారు. 2022లో మగవారి సంతానలేమితో ముడిపడిన 8 కొత్త జన్యువులను కూడా వాళ్లు బయటపెట్టారు. రోగికి దీని లాభం నేరుగా ఉంది. ఏ లేదా బీ భాగం పూర్తిగా పోతే వృషణాన్ని ఎంత వెతికినా కణాలు దొరకవు, ఆపరేషన్ అనవసరం. సీ భాగం పోతే సగం మందికి పైగా దొరికే అవకాశముంది, కానీ పుట్టే కొడుకుకు అదే లోపం వస్తుంది. ఈ మాట ముందే చెప్పాలి.

నాలుగోదానికి వేసెక్టమీ దారి చూపింది. ఆపరేషన్ అయ్యాక వీర్యం వస్తుంది గాని వృషణం, ఎపిడిడిమిస్ నుంచి వచ్చే సరుకు అందులో ఉండదు. కెనడాలో టొరంటో శాస్త్రవేత్తలు అలాంటి వీర్యాన్ని మామూలు వీర్యంతో పోల్చి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని ప్రొటీన్లను ఏరారు. 2013లో రెండు పేర్లు ముందుకొచ్చాయి. ఎపిడిడిమిస్ నుంచి వచ్చే ఈసీఎం1 తగ్గితే దారి మూసుకుంది. వీర్యకణాల వంశంలోని కణాలు మాత్రమే చేసే టెక్స్101 కనిపిస్తే తయారీ ఎక్కడో జరుగుతోంది.

పాత పరీక్షలు చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. కొందరిలో వీర్యకణం సగం తయారై ఆగిపోతుంది. వాళ్లకు ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది, వృషణం సైజు బాగానే ఉంటుంది, లెక్క ప్రకారం ‘దారి మూసుకుంది’ అనిపిస్తుంది, తీరా కోస్తే లోపల ఏమీ ఉండదు. ఈ ప్రొటీన్ పరీక్షల మీద ఆశ వాళ్ల కోసమే. ఇవి ఇంకా మన లాబుల్లో మామూలుగా చేసే పరీక్షల్లోకి రాలేదు. వీర్యకణాల డీఎన్ఏ ఎంతమేర తునకలైందో చూసే పరీక్ష మాత్రం ప్యాకేజీల్లో అమ్ముడుపోతోంది. మొదటి విడతలోనే దాన్ని చేయించాల్సిన పని లేదని అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భం పదే పదే పోతున్న జంటలకు దాని అవసరం పడొచ్చు.

తయారీ లోపం అని తేలినవాళ్లలో కూడా 40 నుంచి 60 శాతం మందికి మైక్రోస్కోప్ కింద చేసే మైక్రో టీసీ ఆపరేషన్‌లో కణాలు దొరుకుతాయి. ఎవరికి దొరుకుతాయో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేలోపు ఫైల్లో ఉండాల్సినవి రెండు వీర్య పరీక్షల రిపోర్టులు, మోతాదు, ఫ్రక్టోజ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోమ్‌లో ముక్క పోయిందో లేదో చెప్పే వై డెలీషన్ రిపోర్టు. వరంగల్‌లో రక్తం తీసి హైదరాబాద్‌కు పంపినా వీటిలో చివరి రెండూ చేయించవచ్చు.