మసాలా ఏల్: కషాయమూ కాదు, ‘ఉత్త బీరూ’ కాదు

బెంగళూరులోని ఒక చిన్న బ్రూవరీలో పనిచేస్తున్న నేను డిసెంబరులో చిత్తూరుకు వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వింటాను: “దాల్చినచెక్క, లవంగం, శొంఠి వేసిన బీరంటే కషాయమే గదా, ఏం చేస్తుంది?” మా మేనత్త అయితే నేను సారా కాస్తున్నాననే నమ్ముతున్నది. బీరును పులియబెడతారే తప్ప బట్టీ పెట్టి దించరని పదేళ్లుగా చెబుతున్నాను. ఆ అపోహతో ఎవరికీ నష్టం లేదు కనుక దానిని వదిలేస్తాను. వదలకూడనిది మొదటిది.

చలికాలపు మసాలా ఏల్‌లో, అంటే ఈ మసాలాలు వేసిన ఒక రకం బీరులో, ఆల్కహాలు తరచుగా 6 నుంచి 10 శాతం వరకు ఉంటుంది. నిరుడు మేము చేసినది 8 శాతం. అటువంటి 330 మిల్లీలీటర్ల గ్లాసులో అసలు ఆల్కహాలు సుమారు 26 మిల్లీలీటర్లు, 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లు పోసుకున్నా దాదాపు అంతే. అంటే ‘బీరే గదా’ అనుకుంటూ రెండు గ్లాసులు తాగినవారు రెండు లార్జ్‌లు తాగినట్టే లెక్క. మామూలు స్ట్రాంగ్ బీరు ఘాటును నాలుకే పసిగడుతుంది. ఇందులో మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపి, మసాలా సువాసన ఆ ఘాటును కప్పేస్తాయి. మన జిల్లా బెల్లం వేశామని చెబితే అందరూ తియ్యగా, తేలికగా ఉంటుందనుకుంటారు. కానీ బెల్లంలోని చక్కెరను ఈస్టు దాదాపు పూర్తిగా తినేస్తుంది కనుక తీపి మిగలదు, ఆల్కహాలు పెరుగుతుంది, బెల్లపు వాసన మాత్రం లీలగా నిలుస్తుంది.

ఒక రాత్రి మా బావమరిది రెండు గ్లాసులు తాగి, కారు తాళాలు చేతిలోకి తీసుకుని, “పలమనేరులో ఒక టీ తాగితే దిగిపోతుంది బావా” అన్నాడు. కాలేయం గంటకు సుమారు 8 నుంచి 10 మిల్లీలీటర్ల ఆల్కహాలును మాత్రమే విరగ్గొట్టగలదు. అతని ఒంట్లో ఉన్న 52 మిల్లీలీటర్లకు అయిదారు గంటలు కావాలి, టీ దానిని ఒక్క నిమిషం కూడా తగ్గించదు. చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తాళాలు నేను తీసుకున్నాను. తెల్లవారేదాకా నాతో మాట్లాడకుండా చాప మీద అటు తిరిగి పడుకున్నాడు.

జలుబుకు మంచిదన్న మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. తాగగానే కలిగే వెచ్చదనం చర్మం కిందికి రక్తం ఎక్కువగా చేరడం వల్ల వచ్చేదే. లోపలి వేడి నిజానికి బయటికి పోతుంది. మగత తెచ్చే జలుబు మాత్ర వేసుకుని పైన దీనిని తాగడం మరీ ప్రమాదం.

అయితే భయంతో అడిగేవారిని నేను విసుక్కోను. నాలుక కాస్త మొద్దుబారిందని, ఏ రసాయనం కలిపారోనని తిరుపతి నుంచి వచ్చిన ఒకాయన నిజంగానే కంగారుపడ్డారు. అది లవంగంలోని యూజినాల్. పంటి నొప్పికి అవ్వ బుగ్గన పెట్టిన లవంగం చేసేదీ అదే. తప్పు నాదే, ఆ విడతలో లవంగం కొలతకు మించి పడి, ట్యాంకు మూత తీయగానే పళ్ల డాక్టరు గది వాసన గుప్పుమంది. కొన్ని గోధుమ బీర్లలో లవంగం వేయకుండానే ఆ వాసన వస్తుంది, అది ఈస్టు పని. అడుగున తేలిక మడ్డి ఉంటే అదీ ఎక్కువగా ఈస్టే. నలుపు రంగు బలానికి గుర్తు కాదు, మాడ్చిన మాల్టుకు గుర్తు: నల్లటి గిన్నెస్ డ్రాఫ్ట్‌లో 4.2 శాతమే.

రుచి చూసేటప్పుడు గడ్డకట్టేంత చల్లదనం వద్దు; అప్పుడు మసాలా వాసనలు పైకి లేవవు. 10 నుంచి 13 డిగ్రీల దగ్గర, అంచు లోపలికి వంగిన గ్లాసులో సగానికి పోసి, తాగే ముందు వాసన చూడాలి. ముందుగా దాల్చినచెక్క, జాజికాయ పలకరిస్తాయి. గ్లాసును అరచేతుల్లో పది నిమిషాలు పట్టుకుంటే నారింజ తొక్క, ఆ వెనుక పాకం వాసన నెమ్మదిగా విచ్చుకుంటాయి. మా బావమరిది మాత్రం ఇప్పటికీ ఐసు ముక్కలు అడుగుతాడు.