గసగసాల గింజంత పిడుదు, కమిలినట్టున్న మచ్చ: ఇంగ్లండ్ చిన్న అడవుల గురించి అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. పగలు చేసేవాళ్ళు "అక్కా, బ్లూబెల్స్ పూశాయా, పిల్లల్ని తీసుకురమ్మంటారా?" అని అడుగుతారు. వసంతంలో అడవి నేలంతా పరుచుకునే నీలం పూలు అవి. రాత్రి పదింటికి వచ్చే ఫోన్లలో గొంతు వేరేగా ఉంటుంది. "బాబు చెవి వెనకాల నల్లగా ఏదో అంటుకుంది, గిల్లినా రావట్లేదు. భయమేస్తోందక్కా."

లండన్‌కి ఉత్తరాన ఒక చిన్న పాత అడవిలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఓక్, హేజెల్, హార్న్‌బీమ్ చెట్లు. చుట్టూ తిరిగొస్తే గంట కూడా పట్టదు. చలికాలంలో హేజెల్ నరకడం, దారులు బాగుచేయడం, వసంతంలో వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని చూపించడం నా పని. ఈమధ్య మన తెలుగు కుటుంబాలు చాలా వస్తున్నాయి, నాకు నిజంగా సంతోషం. కానీ విన్న మాటలే మళ్ళీ మళ్ళీ వింటున్నాను. అందులో ఒకటి మనుషుల ఆరోగ్యం మీదకే వస్తోంది. అది పిడుదు (టిక్) కరిచినప్పుడు ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చే లైమ్ జబ్బు గురించినది. ముందు దాని సంగతి చెప్తాను.

అపోహ: ఎర్రటి వలయం రాలేదు కాబట్టి లైమ్ జబ్బు కాదు

రెండేళ్ళ కిందట మే నెలలో ఒకాయన భార్యాబిడ్డలతో వచ్చారు. పూల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఆయన మోకాలి వెనక అరచేయంత మచ్చ వచ్చింది. ఎరుపు లేదు, వలయం లేదు. చామనఛాయ ఒంటి మీద ముదురు గోధుమ రంగులో, అంచుల దగ్గర కాస్త ఊదాగా, దెబ్బ తగిలి కమిలినట్టుంది. దురద లేదు, నొప్పి లేదు. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించినవన్నీ తెల్లవాళ్ళ ఒంటి మీది ఎర్రటి చక్రాలు. తనది అలా లేదు కదా అని వదిలేశారు.

మూడు వారాలు పోయాక ఒక పొద్దున పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు మూతి పక్కనుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడటం లేదు. భార్య పక్షవాతమనుకుని అంబులెన్స్ పిలిచింది. ఆస్పత్రిలో ఒక డాక్టరు "ఈమధ్య అడవిలోగానీ గడ్డిలోగానీ తిరిగారా?" అని అడగబట్టి అది లైమ్ జబ్బని బయటపడింది. యాంటీబయాటిక్స్ వాడారు, రెండు నెలలకి ముఖం మామూలైంది. ఆ మచ్చ ఫొటో నాకు పంపి "మనవాళ్ళకి చూపించండి" అన్నారు. అప్పటినుంచి నేను ఎవరిని తిప్పినా ముందు ఆ ఫొటో చూపించే లోపలికి తీసుకెళ్తున్నాను.

వాస్తవం ఇది. లైమ్ మచ్చ గోధుమ రంగు, నలుపు చర్మం మీద కమిలిన గాయంలా కనిపించొచ్చు. మధ్యలో తెల్లబడి చక్రంలా ఏర్పడాలనీ లేదు. సాధారణంగా కరిచిన వారం నుంచి నాలుగు వారాల లోపు వస్తుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా పట్టొచ్చు. చూడాల్సింది రంగు కాదు, పెరుగుతోందా లేదా అన్నది. అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, రోజూ ఒక ఫొటో తీసి పెట్టుకోండి. గీత దాటి వ్యాపిస్తోందంటే జీపీ (ఇక్కడి కుటుంబ డాక్టరు) దగ్గరికి వెళ్ళండి, లేదా వైద్య సలహా ఇచ్చే 111 నంబరుకి ఫోన్ చేయండి. "అడవికి వెళ్ళాను" అన్నమాట డాక్టరు అడక్కముందే మీరు చెప్పండి. కరిచిన ఒకటి రెండు రోజుల్లోనే కందిపోయి, దురదపెట్టి తగ్గిపోయేది వేరు. అది దోమకాటు దద్దురు లాంటిదే.

కొందరికి అసలు మచ్చే రాదు. జ్వరం, విపరీతమైన నీరసం, ఒళ్ళునొప్పులు, తలనొప్పి కొన్ని వారాల్లోపు వస్తే అప్పుడూ అడవి సంగతి చెప్పాల్సిందే. ఇంకో మాట కూడా చాలాసార్లు విన్నాను. "మర్నాడే రక్తపరీక్ష చేయించాం, నెగటివ్ వచ్చింది, ఇక భయం లేదు" అంటారు. ఆ పరీక్ష పట్టుకునేది జబ్బుతో పోరాడే యాంటీబాడీలని, అవి ఒంట్లో తయారవడానికి వారాలు పడుతుంది. మర్నాటి పరీక్ష ఏమీ చెప్పలేదు. మచ్చ స్పష్టంగా ఉంటే ఇక్కడి డాక్టర్లు రక్తపరీక్ష కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. పెద్దవాళ్ళకి మామూలుగా 21 రోజుల కోర్సు.

"అది అమెరికా జబ్బు కదా" అనేవాళ్ళూ ఉన్నారు. పేరు మాత్రం అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరిది. జబ్బు యూరప్‌లోనూ ఉంది, ఇంగ్లండ్‌లోనూ ఉంది. న్యూ ఫారెస్ట్, ఎక్స్‌మూర్, సౌత్ డౌన్స్ వైపు ఎక్కువ. అలాగని మిగతాచోట్ల లేదని కాదు.

ఇక భయపడేవాళ్ళకి ఒక మాట. పిడుదు కరిచిన ప్రతివాళ్ళకీ లైమ్ రాదు. ఆ బ్యాక్టీరియా అన్ని పిడుదుల్లోనూ ఉండదు, కొద్దివాటిలోనే ఉంటుంది. అదీకాక ఎంత త్వరగా తీసేస్తే ముప్పు అంత తగ్గుతుంది. కరిచిందని మాత్రమే యాంటీబయాటిక్స్ ఇవ్వరు. అందుకని డాక్టరు "ఇంటికెళ్ళి గమనించండి" అంటే మిమ్మల్ని పట్టించుకోలేదని బాధపడకండి. రాత్రంతా నిద్రమానుకుని కూర్చున్న తల్లులతో నేను మాట్లాడాను. ఆ రాత్రికి చేయాల్సింది చిన్న పని, అది చేసేశాక పడుకోవచ్చు.

అపోహ: నూనెగానీ కిరోసిన్‌గానీ రాస్తే అదే ఊడిపోతుంది

మా అమ్మ చీరాల నుంచి వచ్చి నా దగ్గర నాలుగు నెలలు ఉంది. ఒక సాయంత్రం మా పాప జుట్టు దువ్వుతూ చెవి వెనక పిడుదు చూసింది. "కొబ్బరినూనె పట్రా, ఊపిరాడక అదే వదిలేస్తుంది. మన గేదెలకి వేపనూనె రాసేవాళ్ళం కాదూ?" అంది. గేదెల వరకు అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. గొడ్లకి గోమార్లు వందలకొద్దీ పడతాయి, ఒక్కొక్కటి ఏరే వీలుండదు. కానీ పిల్ల చెవి వెనక ఉన్నది ఒక్కటే. నూనె రాసి అది వదిలేదాకా ఎదురుచూస్తే అంతసేపూ అది నోరు లోపలే పెట్టుకుని ఉంటుంది. పైగా ఉక్కిరిబిక్కిరైతే దాని కడుపులోది మన రక్తంలోకి కక్కే ప్రమాదం ఉంది. నెయిల్ పాలిష్, వాజలీన్, అగ్గిపుల్ల, ఇవన్నీ అంతే. అగ్గిపుల్లతో చెవి కాల్చుకున్న పిల్లాణ్ణి చూశాను. దయచేసి అలాంటి వీడియోలు ఇంకొకరికి పంపకండి.

సన్నటి మొన ఉన్న ట్వీజర్లు తీసుకోండి. పిడుదు పొట్టని కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న తలభాగాన్ని పట్టుకోండి. నొక్కకుండా, తిప్పకుండా, నిదానంగా నిటారుగా పైకి లాగండి. చర్మం కాస్త గుడారంలా లేస్తుంది, కంగారుపడకుండా అలాగే పట్టు సడలించక లాగితే వచ్చేస్తుంది. సబ్బునీళ్ళతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. నోటిముక్క లోపల విరిగిందని సూదితో కెలకొద్దు. ముల్లుని తోసేసినట్టే ఒళ్ళు దాన్నీ తోసేస్తుంది.

అసలు ముందు అది కనిపించాలి కదా. పెద్ద పిడుదు సులువుగానే దొరుకుతుంది. మనుషుల్ని ఎక్కువగా కరిచే పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. కరిచినట్టు తెలియదు. చెట్టుమీంచి దూకదు, ఎగరదు. గడ్డిపోచ చివరో, ఫెర్న్ ఆకు అంచునో ముందుకాళ్ళు చాచి కూర్చుని, రాసుకుంటూ పోయే జింకనో మనిషినో పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి పైకి పాకి, వెచ్చగా మెత్తగా ఉన్నచోటు చూసుకుంటుంది. మోకాలి వెనక, గజ్జలు, చంకలు, నడుము పట్టీ కింద, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో వెతకాలి. ఇంటికి రాగానే ఒకసారి, రాత్రి స్నానమప్పుడు ఇంకోసారి. అడవిలో ఉన్నంతసేపూ ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపుకోండి. లేతరంగు బట్టలైతే పాకుతున్నది కంటపడుతుంది.

అపోహ: బ్లూబెల్స్ మధ్యలో రెండు నిమిషాలు కూర్చుంటే ఏమవుతుంది?

పిడుదులు బాగా తిరిగే రోజులూ ఈ పూలు పూసే రోజులూ ఒకటే. దారి మీద నిలబడ్డవాళ్ళకి గడ్డి తగిలేది తక్కువ, పూలలో కూర్చున్నవాళ్ళకి నడుము దాకా తగులుతుంది. పూల సంగతీ చెప్తాను. తొక్కినప్పుడు అసలు నష్టం పువ్వుకి కాదు, ఆకుకి. ఆకు నలిగితే ఆ ఏడాది కింద గడ్డకి ఆహారం అందదు. విత్తనం నుంచి పువ్వు దాకా రావడానికి కనీసం అయిదేళ్ళు పడుతుంది. మా దగ్గర ఒక ఓక్ చెట్టు మొదట్లో ఫొటోల కోసం అందరూ కూర్చునే చోటు ఉంది. నేను చేరిన ఏడాది అక్కడ నీలంగా ఉండేది. ఇప్పుడు చాపంత మేర ఉత్త మట్టి. దారి మీద మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా కిందకి పెట్టి తీయండి, పిల్లలు పూల మధ్యలో ఉన్నట్టే వస్తుంది. గడ్డలు తవ్వి ఇంటికి పట్టుకెళ్ళడం నేరం.

అపోహ: అడవివెల్లుల్లి కదా, గుప్పెడు కోసుకెళ్ళి పచ్చడి చేసుకోవచ్చు

మన ఆడవాళ్ళకి ఆ వాసన తగిలితే ఆగలేరు, నాకు తెలుసు. ఇంటి మట్టుకు నాలుగు ఆకులు కోసుకోవడం చట్టప్రకారం దొంగతనం కాదు, కానీ చాలా అడవుల్లో కోయొద్దని సొంత నియమాలుంటాయి, గేటు దగ్గర బోర్డు చూడండి. సమస్య వేరేది. వెల్లుల్లి ఆకుల మధ్యలోనే లార్డ్స్ అండ్ లేడీస్ అనే మొక్క మొలుస్తుంది. అది మన కంద కుటుంబానిదే. పచ్చి కంద తరిగితే చేతులు ఎలా దురదపెడతాయో, దీన్ని నమిలితే నోరు, గొంతు అలా మండిపోతాయి, వాచిపోతాయి. లేత ఆకులు రెండూ ఒకేలా ఉంటాయి. గుప్పిట్లో కోస్తే చేతికి ఎలాగూ వెల్లుల్లి వాసనే, కాబట్టి వాసన మీద నమ్మకం పెట్టుకోలేం. ఒక్కో ఆకు విడిగా చూసి కోయగలిగితేనే కోయండి.

పాముల గురించి రెండు ముక్కలు. బ్రిటన్‌లో విషమున్న పాము ఒక్కటే, యాడర్. అది రక్తపింజరి వంశమే అయినా పిరికిది. దాని కాటుకి ఇక్కడ చివరగా మనిషి చనిపోయింది 1975లో. కాటేస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

అడవి కదా ఎటైనా నడవొచ్చనేది ఇంకోటి. ఇంగ్లండ్‌లో చాలా అడవులు ఎవరో ఒకరివి. పసుపు బాణం ఉన్నది నడకదారి, నీలం బాణం ఉన్నచోట గుర్రాలూ సైకిళ్ళూ రావొచ్చు.

"చెట్లన్నీ కొట్టేశారేంటి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి గుర్తొస్తోంది. ఆమెది ఒంగోలు వైపు. "మీవైపు జామాయిల్ కొట్టాక మోడు ఏం చేస్తుంది?" అని అడిగాను. "మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది" అంది. హేజెల్ కూడా అంతే. మొదలంటా కొడితే గుత్తిగా లేస్తుంది, ఏడెనిమిదేళ్ళకి మళ్ళీ కోతకొస్తుంది. సఫక్‌లో బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్ అనే అడవిని 1252 నుంచి ఇలాగే కొడుతున్నారు, అది ఇంకా అడవిగానే ఉంది. కొట్టినచోట ఎండ పడితేనే నేలమీది పూలు బాగా లేస్తాయి. మా మోడు ఒకదాని మీద ఆమె చెయ్యి పెట్టి చూసింది. బెరడు అంచున వడ్లగింజంత చిగుళ్ళు పదకొండు లెక్కపెట్టింది.

ఈ మే నెలలో ఆ మచ్చాయన మళ్ళీ వచ్చారు, పిల్లల్ని తీసుకుని. ముగ్గురి ప్యాంట్లూ సాక్సుల్లోకి దోపి ఉన్నాయి. దారి దిగలేదు. వెళ్ళేముందు కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి పాప మోకాలి వెనక చూస్తూ "అక్కా, ఒకటుంది" అన్నారు. ట్వీజర్లు ఇచ్చాను. ఆయన చెయ్యి కాస్త వణికింది గానీ ఒక్కసారి లాగగానే వచ్చేసింది. దాన్ని సెలోటేపు ముక్క మీద అతికించి, పాప చేతే పక్కన తేదీ రాయించారు.