సలహా చెప్పనివాళ్ళకి డబ్బులెందుకు?

"సార్, కౌన్సెలింగ్‌కి వెళ్తే వాళ్ళు సలహా ఏమీ చెప్పరట, మనం అన్నదే తిప్పి మనకే అంటారట, దానికి డబ్బులెందుకు?" అని పాత స్టూడెంట్ ఒకడు మెసేజ్ పెట్టాడు. న్యాయమైన ప్రశ్నే. సలహాలకి మన ఇళ్ళలో కొదవేముంది? నాకు నిద్ర పట్టని రోజుల్లో పెద్దమ్మ తాయెత్తు కట్టించుకోమంది, పక్కింటాయన పొద్దున్నే నడవమన్నాడు, బావమరిది మా ఫ్లాట్‌కి ఈశాన్యం బాలేదన్నాడు. ముగ్గురూ నా మంచికే చెప్పారు, కానీ ఏమైందని ఒక్కరూ అడగలేదు. అయినా నేను కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడానికి ఏడాదిన్నర పట్టింది. హైదరాబాద్‌లో పెరిగినవాడికి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి జోకులు చిన్నప్పట్నుంచీ చెవిలో ఉంటాయి మరి.

వాడు అడుగుతున్నది పర్సన్ సెంటర్డ్ థెరపీ గురించి. మూలపురుషుడు కార్ల్ రోజర్స్ (1902–1987), అమెరికన్. ఆయన జీవితం, సూత్రాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. క్లుప్తంగా ఆయన మాట ఇది: ఎదుటి మనిషి మీద తీర్పు చెప్పకుండా, నటించకుండా, అతని వైపు నుంచి చూస్తూ వింటే అతను తన దారి తానే వెతుక్కుంటాడు. ప్రవచనంలా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది. స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, ప్రవచనాలకి లొంగను. నన్ను లొంగదీసింది ఒక కార్డుల ఆట.

రోజర్స్ బృందంలో జాన్ బట్లర్, జెరార్డ్ హేగ్ అనే ఇద్దరు చికాగోలో చేసిన పని ఇది, 1954లో అచ్చయింది. 100 కార్డులు, ఒక్కోదాని మీద మనిషి స్వభావం గురించి ఒక్కో వాక్యం. వాటిని "అస్సలు నేను కాదు" నుంచి "అచ్చం నేనే" దాకా 9 కుప్పలుగా పెట్టాలి. ఏ కుప్పలో ఎన్ని ఉండాలో కూడా వాళ్ళే చెప్తారు: 1, 4, 11, 21, 26, 21, 11, 4, 1. అంటే "అచ్చం నేనే" అనడానికి ఒక్క కార్డే దొరుకుతుంది, బుర్ర వేడెక్కుతుంది. ఒకసారి ఇప్పుడున్న నేనుగా, అన్నీ కలిపేసి మళ్ళీ ఉండాలనుకునే నేనుగా పేర్చి, రెండింటికీ కొరిలేషన్ కడతారు, అంటే రెండు పేర్పులూ ఎంత కలుస్తాయో చెప్పే అంకె: అచ్చంగా కలిస్తే 1, సంబంధమే లేకపోతే 0, పూర్తిగా తిరగబడితే మైనస్ 1. 25 మంది క్లయింట్లకి థెరపీ ముందు సగటు మైనస్ 0.01. అంటే వీళ్ళు పేర్చుకున్న ఇద్దరు మనుషులకీ సంబంధమే లేదు! థెరపీ అయ్యాక 0.34. పోలిక కోసం తీసుకున్న మామూలు జనానికి ముందు 0.58, తర్వాత 0.59.

ఇంట్లో పాత శుభలేఖలు గుట్టగా పడున్నాయి. కత్తిరించి వెనక తెల్లవైపు రాశాను. 100 రాసే ఓపిక లేక 16 ముక్కలు, 7 కుప్పలు: 1, 2, 3, 4, 3, 2, 1. మార్కులు మైనస్ 3 నుంచి ప్లస్ 3. కొరిలేషన్ కోసం ప్రతి కార్డుకీ రెండు పేర్పుల్లో వచ్చిన మార్కుల తేడా తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, 80తో భాగించి, 1 లోంచి తీసేయాలి. 80 ఎందుకంటే ఒక పేర్పులో మార్కుల వర్గాల మొత్తం 40, రెండు పేర్పులకి 80 (100 కార్డులకైతే ఇదే లెక్కన 468). వర్గం వల్ల ఒక మెట్టు తేడాకి 1 పడితే ఐదు మెట్లకి 25 పడుతుంది. "నాకు కోపం అదుపులో ఉంటుంది" అన్న కార్డు ఉన్న నాలో మైనస్ 3, కావాల్సిన నాలో ప్లస్ 2. ఆ ఒక్కదానికే 25. మొత్తం 84 వచ్చింది, కొరిలేషన్ మైనస్ 0.05. చికాగో క్లయింట్ల పక్కన కూర్చోబెట్టొచ్చు నన్ను.

ఆ రెండో పేర్పు మనం సొంతంగా చేసుకున్నది కాదంటాడు రోజర్స్. "ర్యాంకొస్తేనే మా బంగారం" లాంటి షరతుల నుంచి వస్తుందది. ఎంసెట్ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

కానీ నన్ను కుదిపింది వేరే కార్డు. "నా సమస్యలు నేనే చూసుకుంటాను." రెండు పేర్పుల్లోనూ ప్లస్ 3, తేడా సున్నా, లెక్క ప్రకారం నాలో బాగున్న కార్డు అదే. ఏడాదిన్నర నన్ను కౌన్సెలర్ గుమ్మం ఎక్కనివ్వనిదీ అదే. ఈ పద్ధతిలో లోపం ఇక్కడుంది, రెండు పేర్పులూ కలిసినంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదు.

కౌన్సెలర్ దగ్గరికి మూడోసారి వెళ్ళినప్పుడు ఈ మాటే అన్నాను. మా నాన్న పక్కింట్లో నిచ్చెన కూడా అడిగేవాడు కాదని, పండగ ముందు బూజు దులపడానికి కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కేవాడని చెప్పాను. మేడమ్ కాసేపాగి, "పడిపోతారేమోనని కింద మీరు పట్టుకుని నిలబడేవారా?" అన్నారు. పట్టుకునేవాణ్ణే. ఆ సంగతి నేను చెప్పలేదు. ఒరేయ్, తిప్పి చెప్పడం అంటే ఇదీ. నేను నాన్న గురించి మాట్లాడుతుంటే ఆవిడ కింద నిలబడ్డ పిల్లాణ్ణి చూశారు.

ఇది అన్నిటికీ మందు అనను. బ్రిటన్‌లో షెఫీల్డ్ పరిశోధకులు డిప్రెషన్ ఉన్న 510 మంది మీద చేసి 2021లో ప్రచురించిన ట్రయల్‌లో, ఈ తరహా థెరపీ ఆరు నెలల దగ్గర సీబీటీకి (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) తీసిపోలేదు, ఏడాది దగ్గర సీబీటీయే ముందుంది. చచ్చిపోవాలనిపిస్తున్నా, లేని గొంతులు వినిపిస్తున్నా కార్డులు పేర్చుకుంటూ కూర్చోకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

మొన్న అవే ముక్కలు మళ్ళీ పేర్చాను. కోపం కార్డు ఉన్న నాలో మైనస్ 1కి ఎక్కింది, కావాల్సిన నాలో ప్లస్ 1కి దిగింది, 25 కాస్తా 4 అయింది. "నా సమస్యలు నేనే చూసుకుంటాను" మాత్రం ఉన్న నాలో ప్లస్ 1, కావాల్సిన నాలో మైనస్ 1. సున్నా ఉన్నచోట 4 వచ్చి, ఆ ఒక్క కార్డు వల్ల నా కొరిలేషన్ 0.05 తగ్గింది.