పాత పుస్తకాలు అమ్మబోయే ముందు: అపోహలు - వాస్తవాలు

పాత పుస్తకాల షాపులో జనం తెచ్చినవాటిని చూసి ధర చెప్పే పని నాది. పెట్టెలతో వచ్చేవాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే ఒక లెక్క వేసుకుని వస్తారు. ఆ లెక్క తప్పితే కొందరు మోసపోయామనుకుంటారు. కొందరైతే తమ పుస్తకాలకు విలువే లేదనుకుని మిగిలినవన్నీ చిత్తుకాగితాల్లో వేసేస్తారు. నాకు ఈ రెండో సంగతే ఎక్కువ బాధ. తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

వయసును బట్టే ధర రాదు. 1501కి ముందు యూరప్‌లో అచ్చయినవాటిని ఇన్‌క్యునాబులా అంటారు. అవి ఏవి దొరికినా విలువైనవే. కానీ ఇళ్లలోంచి బయటికొచ్చేవి దాదాపు అన్నీ యంత్రాల మీద వేల ప్రతులు అచ్చయిన కాలం నాటివి. అలాంటి పుస్తకానికి ధర కట్టేముందు నేను మూడు సంగతులు చూస్తాను. దీన్ని ఇప్పుడు ఎవరైనా వెతుకుతున్నారా? ప్రతులు ఎన్ని మిగిలి ఉంటాయి? ఇది ఎలా ఉంది? వెతికేవాళ్లు లేనప్పుడు మిగతా రెండూ ఎంత బాగున్నా లాభం లేదు.

పేజీలు పచ్చబడితే అపురూపమైన పుస్తకం అనుకునేవాళ్లూ ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కాగితాన్ని ఎక్కువగా చెక్క గుజ్జుతో చేయడం మొదలైంది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం గాలీ వెలుతురూ తగిలి రంగు మారుతుంది. తయారీలో కలిపిన పటిక వల్ల కాగితంలో ఆమ్లం పెరిగి, పేజీలు పెళుసెక్కి విరుగుతాయి. అంతకుముందు గుడ్డపీలికలతో చేసిన కాగితం మూడు వందల ఏళ్లు దాటినా తెల్లగా, మెత్తగా ఉండటం మామూలే. కాబట్టి పచ్చటి పేజీ కాగితం నాసిరకందని చెబుతుందే తప్ప, పుస్తకం ఎంత పాతదో చెప్పదు.

విజ్ఞాన సర్వస్వాల సెట్లు తెచ్చేవాళ్లకు తీసుకోలేనని చెప్పడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టం. ఒకప్పుడు ఇంట్లో పిల్లల చదువు కోసమని ఎంతో ఖర్చు పెట్టి కొన్నవి అవి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంస్థే అచ్చు సంపుటాలు ఆపేస్తున్నట్టు 2012లో ప్రకటించింది. వాటికోసం అడిగేవాళ్లు చాలా అరుదు, పైగా ఒక్క సెట్టే పుస్తకాల అర మొత్తం ఆక్రమిస్తుంది. మీ సెట్టును షాపు తీసుకోకపోతే, ఆ లోటు మీరు దాన్ని దాచుకున్న తీరులో ఉందనుకోకండి.

అపోహ: ఇది తొలి ముద్రణ, కాబట్టి అరుదైనది.

చాలా పుస్తకాలు తొలి ముద్రణతోనే ఆగిపోతాయి. మళ్లీ అచ్చు వేయాలని ఎవరూ అడగని పుస్తకం ప్రతులన్నీ తొలి ముద్రణవే కదా. తర్వాతి కాలంలో పేరొచ్చిన పుస్తకం అయితేనే ఈ మాటకు బరువు. చాలా ప్రచురణ సంస్థలు కాపీరైట్ పేజీలో 10 నుంచి 1 వరకు అంకెల వరుస వేస్తాయి. ముద్రణ మారినకొద్దీ చివరి అంకెలు తీసేస్తూ పోతాయి. వరుసలో మిగిలిన అతి చిన్న అంకె ఆ ప్రతి ఎన్నో ముద్రణదో చెబుతుంది. అందరూ ఇదే పద్ధతి పాటించరు గానీ, మొదట చూడాల్సిన చోటు అదే.

గట్టి అట్ట పుస్తకానికి పైన తొడిగే కాగితపు జాకెట్‌ను చిరిగిందని పారేయకండి, దయచేసి. ఇరవయ్యో శతాబ్దపు పేరున్న నవలల తొలి ముద్రణల్లో జాకెట్ ఉన్న ప్రతికీ లేని ప్రతికీ ధరలో అనేక రెట్ల తేడా వస్తుంది.

అపోహ: ఇంటర్నెట్‌లో ఇంత ధర చూపిస్తోంది.

అది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. ఆ ధరకు అమ్ముడుపోయిందా లేదా అన్నది వేరే సంగతి. వీలుంటే అమ్ముడుపోయినవాటి ధరలు వెతకండి. మీరు చూస్తున్నది మీ చేతిలోని ప్రతి లాంటిదేనా అన్నదీ ముఖ్యం. వెనక అట్ట మీది ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పోల్చండి. గట్టి అట్టకు ఒక సంఖ్య, పేపర్‌బ్యాక్‌కు ఇంకొకటి ఉంటుంది. 2007కు ముందువాటికి పది అంకెలు, ఆ తర్వాత పదమూడు. అయితే మార్పులు లేని పునర్ముద్రణకు పాత సంఖ్యే కొనసాగుతుంది. అందుకని సంఖ్య కలిసింది కదా అని ముద్రణ కూడా అదేనని తేల్చకండి.

అపోహ: కొనేది తక్కువకి, అమ్మేది ఎక్కువకి. ఇది దోపిడీ.

మీ దగ్గర కొన్న పుస్తకం రేపే అమ్ముడుపోతుందని నాకు భరోసా లేదు. కొన్ని నెలల తరబడి అరలో ఉంటాయి, కొన్ని ఎప్పటికీ కదలవు. అద్దె, జీతాలు, తుడవడం, సర్దడం, కదలనివాటి నష్టం అన్నీ ఆ తేడాలోంచే పోవాలి. అయినా మీకు అడిగే హక్కుంది: "దీన్ని ఎంతకి అమ్ముతారు?" నిజాయితీ ఉన్న షాపు ఆ ప్రశ్నకు ముఖం చిట్లించదు. డబ్బు బదులు షాపులోనే వాడుకునే క్రెడిట్ ఇస్తారేమో కూడా అడగండి. క్రెడిట్ ఇచ్చేచోట సాధారణంగా నగదు కన్నా ఎక్కువ విలువ కడతారు. మీరు ఎలాగూ పుస్తకాలు కొనేవాళ్లయితే నా సలహా అదే.

అపోహ: బాగుచేసి తెస్తే ధర పెరుగుతుంది.

ఈ ఒక్క నమ్మకం వల్ల నా కళ్ల ముందు పాడైన మంచి పుస్తకాలు ఎన్నో! సెల్లోటేపు అంటించవద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది, తీస్తే అచ్చూ దానితో వచ్చేస్తుంది. వెన్ను ఊడితే ఫెవికాల్ పూయవద్దు. తడిగుడ్డతో అట్ట తుడవవద్దు. ఎవరిదో పేరు రాసి ఉంటే దాన్ని నల్ల సిరాతో కొట్టేయవద్దు. పేరున్న పేజీ కన్నా కొట్టేసిన పేజీయే చూడ్డానికి బాగుండదు. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

అపోహ: గీతలు గీసిన పుస్తకం ఎవరూ తీసుకోరు.

పెన్సిల్ గీతలైతే చాలా షాపులు పట్టించుకోవు. హైలైటర్ రంగులు, పేజీ పేజీకీ పెన్ను రాతలైతే కష్టం. రాసింది ఆ రచయితో, మరో పేరున్న మనిషో అయితే చెరపకుండా అలాగే తీసుకురండి.

అపోహ: కొన్నది నాది, కాబట్టి ఏదైనా అమ్ముకోవచ్చు.

సక్రమంగా కొన్న అచ్చు ప్రతిని తిరిగి అమ్ముకోవడానికి చాలా దేశాల కాపీరైట్ చట్టాలు ఒప్పుకుంటాయి. అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే ఈ సంగతి తేల్చింది. ఈ-బుక్ విషయం వేరు. చదివేసిన ఈ-బుక్కులను తిరిగి అమ్మడానికి ఆ నియమం వర్తించదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. ఇక గ్రంథాలయ ముద్ర ఉన్న పుస్తకానికి, తొలగించినట్టు తెలిపే ముద్ర కూడా ఉండాలి. అది లేకపోతే నేను ముట్టుకోను.

అపోహ: కొంచెం బూజేగా, తుడిస్తే పోతుంది.

పెట్టె తెరవగానే ముక్కిన వాసన వస్తే, అందులో ఎంత మంచి పుస్తకం ఉన్నా దాన్ని లోపలికి తీసుకెళ్లడానికి భయపడతాను. తేమ దొరికితే బూజు పక్క పుస్తకాలకు పాకుతుంది. అమ్మాలనుకున్నవాటిని నేల మీదా, బయటి గోడకు ఆనించీ పెట్టవద్దు. ప్లాస్టిక్ సంచుల్లో బిగించి నెలల తరబడి వదిలేయవద్దు. బూజు కనిపించినవాటిని వెంటనే వేరు చేయండి. తెచ్చేటప్పుడు చిన్న అట్టపెట్టెల్లో పడుకోబెట్టి గానీ, నిటారుగా గానీ సర్దండి. ఏటవాలుగా పెడితే వెన్ను వంకర పోతుంది. అన్నిటికన్నా ముందు షాపుకి ఫోన్ చేసి, ఇప్పుడు ఎలాంటివి తీసుకుంటున్నారో, ఏ రోజుల్లో కొంటారో కనుక్కోండి. మీ పుస్తకాల అర ఫొటో ఒకటి పంపిస్తే, మోసుకొచ్చే పని లేకుండానే సగం మాట తేలిపోతుంది.