నీళ్ళలో మునిగి ఎండిపోయిన కోడి

తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె, అదే స్లో కుక్కర్, కొన్న కొత్తలో చికెన్ సూప్ కోసం అరకేజీ బోన్‌లెస్ బ్రెస్ట్ ముక్కలు, ఉల్లిపాయ, మిరియాలు, లీటరు నీళ్ళు పోసి, పొద్దున్నే స్విచ్ వేసి ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఎనిమిది గంటల తర్వాత వచ్చి మూత తీస్తే వాసన బ్రహ్మాండం. ముక్క నోట్లో పెడితే మాత్రం పీచు. అదీ పొడిపొడిగా! పొద్దుటి నుంచి నీళ్ళలోనే ఉన్నది ఎలా ఎండిపోయింది?

కోడి కండ అంటే సన్నని నారల కట్ట. దానిలో ఉండే నీరంతా ఆ నారలు పట్టి ఉంచేదే. వేడెక్కేకొద్దీ వాటిలోని ప్రొటీన్లు ముడుచుకుంటాయి. మయోసిన్ అనే ప్రొటీన్ 50 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది, 65 దాటాక యాక్టిన్ అనే ఇంకొకటి కూడా బిగుసుకుంటుంది. తడిబట్టను పిండినట్టు లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. పిండిన బట్టను పిడికిట్లో అలాగే బిగించి చెరువులో ముంచినా అది నీళ్ళు పీల్చదు కదా, ఇదీ అంతే.

మరి లెగ్ పీసులు అదే కుక్కర్లో వెన్నలా ఎందుకు ఉడుకుతాయి? వాటి నారలూ పిండుకుపోతాయి. కాకపోతే రోజంతా నడిచే కాళ్ళలో కొల్లాజెన్ ఎక్కువ. ఈ ప్రొటీన్ అచ్చం మూడు పాయల జడ. 70 డిగ్రీల దగ్గర ఆ జడ మెల్లగా వీడటం మొదలవుతుంది, 80, 90లలో ఇంకాస్త జోరుగా. ఎంత జోరైనా గంటల పనే. విడిపోయిన పాయలే జెలటిన్. అది ఎండిన నారలకు పూతలా పట్టి ముక్క మెత్తగా అనిపించేలా చేస్తుంది, చారుకు చిక్కదనం ఇస్తుంది. మేక కాళ్ళ సూప్ (పాయా) తాగాక పెదాలు అతుక్కున్నట్టుండేది దీనివల్లే.

నాటుకోడి మొండితనమూ ఇక్కడే ఉంది. వయసు పెరిగేకొద్దీ ఆ పాయల మధ్య అడ్డకుట్లు పడి జడ తొందరగా వీడదు. బాయిలర్ కోడి ఆరు వారాలకే దుకాణానికి వస్తుంది, దానికి అన్ని కుట్లు పడే టైమెక్కడిది? ప్రెషర్ కుక్కర్ 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ఇదే పని చాలా త్వరగా చేస్తుంది. కాకపోతే విజిల్స్ లెక్కపెట్టడానికి మనిషి ఇంట్లో ఉండాలి.

అందుకే ఇప్పుడు పొద్దున లెగ్ పీసులు, మెడ, రెక్కలు, శుభ్రం చేసిన కాళ్ళు మాత్రమే వేస్తాను. బ్రెస్ట్ ఉంటే చిన్న ముక్కలు చేసి, సాయంత్రం వచ్చాక హై మీద పెట్టి వేస్తాను. ముక్క లోపల 74 డిగ్రీలు వస్తే చాలు. ఉల్లిపాయలు ముందుగా బాణలిలో ఎర్రగా వేయించాల్సిందే. ఆ రంగు, ఆ వాసన రావాలంటే 140 డిగ్రీల వేడి కావాలి, నీళ్ళున్న గిన్నె 100 దాటదు. ఈ పది నిమిషాలకు బద్ధకిస్తే సూప్ ఆసుపత్రి భోజనంలా ఉంటుంది.

స్లో కుక్కర్‌కు మూలమైన పరికరానికి ఇర్వింగ్ నాక్సన్ 1940లో అమెరికాలో పేటెంట్ పొందాడు. ఆ ఆలోచన, లిథువేనియాలో పెరిగిన తన తల్లి చెప్పిన ఒక యూదు వంటకం నుంచి వచ్చిందట. శుక్రవారం సాయంత్రం ఆ కుండను బేకరీ పొయ్యిలో పెట్టి రాత్రంతా వదిలేసేవారు. చిత్రంగా, జలుబుకు చికెన్ సూప్ పనిచేస్తుందా అని అమెరికా వైద్యుడు స్టీఫెన్ రెన్నార్డ్ బృందం 2000లో పరీక్షించిందీ లిథువేనియా నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ వంటనే. వాపుకు కారణమయ్యే ఒక రకం తెల్ల రక్తకణాల కదలికను ఆ సూప్ తగ్గించింది. కానీ అది ప్రయోగశాలలో జరిగిన సంగతి, జలుబు చేసిన మనుషుల్లో కాదు.

మిగిలిన సూప్‌ను రాత్రంతా గట్టు మీద ఉంచి, పొద్దున మరిగిస్తే సరిపోతుందనుకోకండి. కొన్ని బాక్టీరియాల బీజాలు మరిగించినా చావవు, చారు మెల్లగా చల్లారుతుంటే మొలకెత్తి పెరుగుతాయి. రెండు గంటల్లోపే లోతు తక్కువ డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు డబ్బా వంచితే చారు ఒలకకుండా జున్నులా వణికిందా, జడ బాగా వీడినట్టే. పైన పేరుకున్న పసుపుపచ్చని కొవ్వును మాత్రం నేను పారేయను. తర్వాతి సూప్‌కు ఉల్లిపాయలు వేగేది అందులోనే.