మబ్బు కనపడగానే మైకు నొక్కండి

పిల్లలూ,

మీలో ఇద్దరు పైలట్ ట్రైనింగ్‌లో చేరారని, చిన్నది కూడా ఆ పరీక్షలకే చదువుతోందని నాయనమ్మ చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. విమానం ఎలా నడపాలో నేను చెప్పను, అది మీ ఇన్‌స్ట్రక్టర్ల పని. ఉద్యోగమంతా విమానాలకి నేల మీద నుంచి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్‌గా చేసినవాణ్ని కాబట్టి, వాతావరణం చెడినప్పుడు మైకుకి ఇవతల కూర్చున్నవాడికి ఏం తెలుస్తుందో, ఏం తెలియదో అది మాత్రం చెబుతాను.

కళింగపట్నం రేవులో తుపాను సూచికలు ఎగరేస్తారు కదా, 1 నుంచి 11 దాకా. అందరూ పదో నంబరు అంటే భయపడతారు. పదకొండోది ఏమిటో తెలుసా? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని. గాలి ఎటు నుంచి వస్తోందో, ఎంత వేగంతో వస్తోందో చెప్పేవాడే లేడన్నమాట. నాకు చిన్నప్పటి నుంచీ ఆ పదకొండంటేనే దడ. రేడియోలో మాట ఆగిపోయిన చిన్న విమానాన్ని చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది.

మీకు అద్దంలోంచి కనపడే నల్లమబ్బు మాకు కనపడదు. రాడార్ ఉంది కదా అంటారు. చాలాచోట్ల మేం చూసే రాడార్ విమానం పంపే సంకేతాన్ని పట్టుకుంటుంది, అందులో వాన జాడే ఉండదు. వాన చూపించే రాడార్ అయినా చినుకులనే చూపిస్తుంది కానీ మబ్బునీ, అందులోని కుదుపునీ చూపించదు. కొన్ని చిన్న ఎయిర్‌పోర్టుల్లో రాడారే లేదు, మీరు చెప్పిందే మాకు కళ్లు. మా మొదటి పని విమానాలు ఒకదానికొకటి తగలకుండా చూడటం. అందుకని కంట్రోలర్ ఒక హెడింగ్, అంటే వెళ్లాల్సిన దిక్కు, ఇచ్చాడంటే అటు మబ్బు లేదని హామీ ఇచ్చినట్టు కాదు. అటు వెళ్లలేకపోతే "అనేబుల్, డ్యూ వెదర్" అనండి, వాతావరణం వల్ల కుదరదని అర్థం. అది ఎదురు చెప్పడం కాదు, మీ హక్కు. ఆ విమానానికి ఆఖరి మాట మీది.

ఒక ఏప్రిల్ సాయంత్రం, మన దగ్గర కొండల వైపు నుంచి గాలివాన లేచినట్టే అక్కడా లేచింది. ఊరు పేరు వద్దులెండి. సోలోగా వస్తున్న ఒక స్టూడెంట్ "ఆపరేషన్స్ నార్మల్" అన్నాడు, గొంతు మాత్రం నార్మల్‌గా లేదు. బాగానే ఉన్నావా అని అడిగితే "అఫర్మ్", అంటే అవును, అన్నాడు. నేను వెంటనే వెనక వస్తున్న జెట్ల వైపు తిరిగిపోయాను, ఇంకోసారి అడగలేదు, ఆ తప్పు నాదే. నాలుగు నిమిషాల తర్వాత "కొంచెం వర్షం ఉంది" అన్నాడు, ఆ తర్వాత "కింద ఏమీ కనపడటం లేదు" అన్నాడు. పక్కనున్న సీనియర్ మైకు అందుకుని, రెక్కలు సమంగా ఉంచు, ముందున్న మీటర్లు (గేజ్‌లు) చూడు, మెల్లగా వచ్చిన దారికే తిరుగు అని ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెబుతూ బయటికి తెచ్చాడు. వేరే ఎయిర్‌ఫీల్డ్‌లో దిగాక ఆ కుర్రాడు ఫోన్ చేసి, సార్, ముందే చెబితే తిడతారేమో అనుకున్నాను అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో, గేజ్‌లు మాత్రమే చూసి నడపడం రాని 20 మందిని మబ్బులో ఉన్నట్టుండే పరిస్థితిలో ఉంచి పరీక్షించారు. అదుపు తప్పడానికి పట్టిన సమయం సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. అందుకే మబ్బులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే వెనక్కి తిరగాలి, మాకు చెప్పాల్సింది కూడా అప్పుడే. ముందే చెబితే "20 డిగ్రీస్ రైట్, డ్యూ వెదర్" అని అడిగినంత సులువు, మేం పక్కకి దారి ఇస్తాం. అడిగినా ఆలస్యమవుతుంటే "వెదర్ డీవియేషన్ రిక్వైర్డ్", అంటే వాతావరణం వల్ల దారి మళ్లక తప్పదు, అనండి, ఆ మాటకి ముందు వరస దక్కుతుంది.

చెప్పేటప్పుడు మీరెవరు, ఎక్కడ, ఎంత ఎత్తులో ఉన్నారు, ఏం జరుగుతోంది, ఏం కావాలి, అంతే. ఈ చివరిదే పిల్లలు మింగేస్తారు. "వెదర్ బాగాలేదు" అని ఊరుకుంటారు, అది విని మేమేం చేయగలం? స్టూడెంట్ పైలట్‌ అయితే ఆ సంగతి కూడా చెప్పండి, మేం మెల్లగా మాట్లాడతాం, పొడవాటి సూచనలు ఇవ్వం. చేతులు ఖాళీ లేనప్పుడు మేం అడిగినా "స్టాండ్‌బై", అంటే కాస్త ఆగండి, అనండి. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాట.

ఇంకో సంగతి, ఇది మన జిల్లాల పిల్లలకి మరీ ముఖ్యం. తెలుగు మీడియంలో చదువుకుని వెళ్లినవాళ్లకి ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందేమోనని గొంతు లోపలికి పోతుంది. ఫ్రీక్వెన్సీలో పది మంది వింటున్నారు, నవ్వుతారేమో అని టెన్షన్. ఏ కంట్రోలరూ నవ్వడు నాన్నా. మామూలు రోజుల్లో ఆ పద్ధతి మాటలు నోటికి వచ్చేదాకా చదవండి, కష్టం వచ్చిన రోజు మాత్రం వ్యాకరణం వదిలేయండి. "నో గ్రౌండ్ ఇన్ సైట్, నీడ్ హెల్ప్" అన్నా చాలు.

కష్టానికి దాని పేరే పెట్టండి. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఆవియాంకా 52 అనే విమానం న్యూయార్క్ దగ్గర, వాతావరణం బాగాలేక గంటకు పైగా గాలిలో ఆగాల్సి వచ్చింది. సిబ్బంది ప్రయారిటీ కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు, కానీ ఎమర్జెన్సీ అనలేదు, మేడే అనలేదు. ఇంధనం అయిపోయి కూలింది, 158 మందిలో 73 మంది పోయారు. అది పెద్ద బోయింగే, కానీ నోరు తెరవని చిన్న సెస్నా విమానానికి జరిగేదీ అదే. ప్రాణం మీదకి వస్తే "మేడే" మూడుసార్లు, అంత దాకా రాకపోయినా ఆదుర్దాగా ఉంటే "పాన్ పాన్" మూడుసార్లు. ఎవరూ పలకకపోతే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ 121.5లో పిలవండి. ట్రాన్స్‌పాండర్‌లో (అది రాడార్‌కి సంకేతం పంపే పరికరం) ఎమర్జెన్సీకి 7700 కోడ్, రేడియో పోతే 7600, అదే మీ పదకొండో నంబరు సూచిక. తర్వాత రిపోర్టు రాయాల్సి రావచ్చు, రాయండి, దానికి భయపడి నోరు మూసుకోకండి.

వానలోంచి బయటపడ్డాక కూడా ఒక్క మాట చెప్పి వెళ్లండి, మబ్బు ఎంత ఎత్తు నుంచి మొదలైంది, కుదుపు ఎంత ఉంది అని. మీ వెనక వచ్చేవాడికి మేం చెబుతాం. వేట నుంచి తిరిగొచ్చిన పడవవాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లకి సముద్రం ఎలా ఉందో చెబుతారు, చూడలేదూ?

సంక్రాంతికి అందరూ వస్తారుగా. డాబా మీద మీరు పైలట్లు, నేను కంట్రోలర్‌ని. "అనేబుల్" అనడం తడబడకుండా వచ్చేదాకా ఎవరినీ కిందికి దిగనివ్వను.

మీ
తాతయ్య