సెల్లా చుట్టూ నాలుగు కనుమలు: ఒక దారి, మూడు పాలనలు

ఇటలీ ఉత్తర సరిహద్దుకు చేరువలో, డోలమైట్ పర్వతాల నడుమ సెల్లా అనే మహా శిలా సముదాయం ఉంది. దాన్ని చుట్టివచ్చే రహదారి కాంపొలోంగో, పొర్దోయి, సెల్లా, గార్డెనా అనే నాలుగు కనుమలను ఎక్కి దిగుతుంది. మొత్తం దూరం సుమారు 55 కిలోమీటర్లే అయినా, సైకిలు మీద ఆ చుట్టు పూర్తిచేసేవారు దాదాపు 1,700 మీటర్ల ఎత్తు ఎక్కవలసి వస్తుంది. కాంపొలోంగో 1,875 మీటర్ల ఎత్తునా, గార్డెనా 2,121 మీటర్ల ఎత్తునా, పొర్దోయి 2,239 మీటర్ల ఎత్తునా ఉన్నాయి. మన తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. వేసవి వచ్చిందంటే సైకిళ్లు, మోటారుసైకిళ్లు, కార్లు, పర్యాటక బస్సులు, రోడ్డు దాటి కాలిబాట అందుకోవాలనుకునే పాదచారులు అందరూ ఈ ఇరుకు దారి మీదే కలుస్తారు. రోజులో కొన్ని గంటలైనా ఈ కనుమలను మోటారు వాహనాలకు మూసివేయాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి చర్చలో నలుగుతోంది. అది ఎందుకు తెగడం లేదో అర్థం కావాలంటే, ఈ దారులను ఎవరు దేనికోసం వేశారో, తరవాత ఎవరు వాటి మీదుగా సరిహద్దులు గీశారో తెలుసుకోవాలి.

సెల్లా చుట్టూ ఉన్న గార్డెనా, బదియా, ఫాస్సా, లివినల్లోంగో లోయల్లో తరతరాలుగా ఉంటున్నవారు లదీన్ భాష మాట్లాడే ప్రజలు. లాటిన్ నుంచి పుట్టిన ఆ చిన్న భాషకు నేడు మిగిలినది సుమారు ముప్పై వేల మంది మాత్రమే. వారికి ఈ కనుమలు విహారస్థలాలు కావు. పశువులను మేతకు తోలడానికి, పిండి, ధాన్యం ఒక లోయ నుంచి మరో లోయకు మోసుకుపోవడానికి వాడుకున్న దారులు. పొర్దోయి దగ్గర మొదలై మార్మొలాడా హిమానీనదానికి ఎదురుగా సాగే వియెల్ దాల్ పాన్ అనే కాలిబాట అలాంటి పాత వర్తకపు దారే. ఆల్ప్స్‌లో నడవదలచినవారికి నేడు చాలామంది సూచించే అందమైన బాటల్లో అదొకటి.

చక్రాల బండ్లు వెళ్లగల రహదారి ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలోగాని పూర్తికాలేదు. బోల్జానో నుంచి కోర్తినా దాంపెజ్జో దాకా కోస్టలుంగా, పొర్దోయి, ఫల్జారెగో కనుమల మీదుగా సాగే మహా డోలమైట్ రహదారి 1909లో ప్రారంభమైంది. అప్పట్లో ఈ ప్రాంతమంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని టైరోల్. ఆ రహదారి కోసం పట్టుదలగా పనిచేసినవారిలో గ్రీకు మూలాలున్న థియోడోర్ క్రిస్టొమానోస్ ముఖ్యుడు. కొండల్లో పెద్ద హోటళ్లు కట్టించి, సంపన్న యాత్రికులను వాహనాల్లో ఎత్తులకు తీసుకురావాలన్నది ఆయన సంకల్పం. సరిహద్దు ప్రాంతం కనుక సైనిక ప్రయోజనం కూడా పాలకుల మనసులో లేకపోలేదు. వాహనంలో వచ్చే పర్యాటకుడి కోసమే ఆ దారి పుట్టిందన్న వాస్తవాన్ని నేటి వాదనల్లో చాలామంది మరచిపోతున్నారు.

ప్రారంభమైన ఆరేళ్లకే దారి మీదికి యుద్ధం వచ్చింది. 1915 మే నెలలో ఇటలీ ఆస్ట్రియా-హంగరీపై యుద్ధం ప్రకటించాక, యుద్ధరేఖ మార్మొలాడా, కోల్ ది లానా, తోఫానా శిఖరాల మీదుగా సాగింది. 1916 ఏప్రిల్‌లో ఇటాలియన్ సైనికులు కోల్ ది లానా శిఖరం కిందికి సొరంగం తవ్వి, పేలుడు పదార్థం నింపి దాన్ని పేల్చివేశారు. అదే ఏడాది డిసెంబరు 13న మార్మొలాడా మీద ఆస్ట్రియన్ సైనికుల బస మీద మంచుచరియ విరుచుకుపడి వందలమందిని బలిగొంది. సైన్యానికి సరుకులు చేర్చడానికి రష్యన్ యుద్ధఖైదీల చేత గార్డెనా లోయలో రైలుమార్గం వేయించారు. ఆ మార్గం చివరి నుంచి రోప్‌వేల మీద సామగ్రి కనుమలు దాటి వెళ్లేది. సైనికులు తొలిచిన కంచరగాడిదల బాటలు, ఇనుప తాళ్లు బిగించిన రాతి దారులు తరవాతి కాలంలో పర్వతారోహకులకు, పాదచారులకు దారులయ్యాయి. పొర్దోయి కనుమ దగ్గరి జర్మన్ సైనిక సమాధి మందిరంలో ఎనిమిది వేలకు పైగా సైనికుల అవశేషాలున్నాయి. ఆ బాటల మీద ఆనందంగా నడిచే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకుని నడవాలని నేను కోరుకుంటాను.

యుద్ధం ముగిశాక 1919 నాటి సాంజెర్మాన్ ఒప్పందంతో ఈ లోయలన్నీ ఇటలీకి దక్కాయి. నేటి చిక్కుకు అసలు మూలం ఆ తరవాతి పరిపాలనా విభజనలో ఉంది. 1923లో ఫాసిస్టు ప్రభుత్వం కోర్తినాను, లివినల్లోంగోను బెల్లూనో ప్రావిన్సులో చేర్చింది. 1927లో బోల్జానో వేరు ప్రావిన్సు అయినప్పుడు గార్డెనా, బదియా లోయలు దానికి వెళ్లగా, ఫాస్సా లోయ త్రెంతో ప్రావిన్సులోనే ఉండిపోయింది. ఒకే కొండ చుట్టూ ఒకే భాష మాట్లాడే ప్రజలు ఆ విధంగా మూడు ప్రావిన్సుల పాలయ్యారు, కనుమల శిఖరాలు సరిహద్దు రేఖలయ్యాయి. 1972 నాటి స్వయంప్రతిపత్తి శాసనం బోల్జానో, త్రెంతోలకు విస్తృతమైన అధికారాలిచ్చింది; బెల్లూనో మాత్రం వెనెతో అనే సాధారణ ప్రాంతంలో భాగంగా మిగిలింది. 2007లో కోర్తినా, లివినల్లోంగో, కోలె సాంతా లూచియా ప్రజలు బోల్జానోలో చేరడానికి అనుకూలంగా ఓటేసినా సరిహద్దు మారలేదు. ఇక పటం చూడండి: సెల్లా కనుమకు ఒకవైపు బోల్జానో, మరోవైపు త్రెంతో; పొర్దోయికి త్రెంతో, బెల్లూనో; కాంపొలోంగోకు బోల్జానో, బెల్లూనో. గార్డెనా ఒక్కటే పూర్తిగా బోల్జానోలో ఉంది.

ఈలోగా కార్ల యుగం వచ్చింది. గార్డెనా లోయ రైలును 1960లో ఆపేశారు. కార్లు పెరుగుతున్న కాలంలో అది సహజంగా తోచి ఉండవచ్చు, కానీ నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ఖరీదైన నిర్ణయం అదే. ఆ తరవాత స్కీ లిఫ్టులు విస్తరించాయి. 1974లో ఏర్పడిన దోలొమీతి సూపర్‌స్కీ అనే ఉమ్మడి టికెట్టు వ్యవస్థ కింద చలికాలంలో సెల్లా చుట్టూ కారు అవసరం లేకుండా లిఫ్టుల మీదే తిరిగి రావచ్చు. ప్రావిన్సుల సరిహద్దులు స్కీ టికెట్టుకు అడ్డురాలేదు, వేసవి రహదారికే అడ్డువస్తున్నాయి.

సైకిలు కీర్తి ఈ కనుమలకు పోటీల ద్వారా వచ్చింది. ఇటలీ సైకిలు యాత్ర, అంటే జీరో దితాలియా, 1937లో తొలిసారి డోలమైట్లకు చేరింది, 1940లో పొర్దోయి ఎక్కింది. అరబ్బా ఊరి నుంచి పొర్దోయికి 9.4 కిలోమీటర్ల ఎక్కుడులో 33 మెలిక మలుపులున్నాయి. వాలు ఎక్కడా క్రూరంగా ఉండదు, అయితే ఊపిరి తీసుకునే విరామమూ ఇవ్వదు. శిఖరాన ఇటలీ సైకిలు పోటీల వీరుడు ఫౌస్తో కొప్పి స్మారకం ఉంది. 1987లో మొదలైన మారతోనా దలెస్ డోలోమితెస్ అనే సామూహిక సైకిలు యాత్రకు నేడు చోటు దక్కాలంటే లాటరీలో పేరు రావాలి. వేలాది మంది పాల్గొనే ఆ ఉదయం రోడ్లను మూసేస్తారు. సెల్లా చుట్టును పూర్తిగా సైకిళ్లకు వదిలే ప్రత్యేక దినాలు కూడా జరుగుతున్నాయి. ఒక రోజుకు సాధ్యమైనది వేసవి అంతటా ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్న ఆ రోజుల నుంచే బలపడింది.

2009లో యునెస్కో డోలమైట్లలోని తొమ్మిది సముదాయాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లిఫ్టులూ రహదారులూ అల్లుకున్న సెల్లా వాటిలో లేదు, కాని ఆ పేరుతో పెరిగిన రద్దీ దానికీ చేరింది. 2017 జూలై, ఆగస్టు నెలల్లో ప్రతి బుధవారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సెల్లా కనుమను ప్రైవేటు మోటారు వాహనాలకు మూసివేశారు. నడిచేవారు, సైకిలు తొక్కేవారు సంతోషించారు. కనుమ మీద హోటళ్లు, భోజనశాలలు నడిపేవారు తమ వ్యాపారం దెబ్బతింటుందని అభ్యంతరం చెప్పారు. మరుసటి వేసవి పూర్తి మూసివేతకు బదులు ముందుగా అనుమతి తీసుకునే పద్ధతిని ప్రయత్నించారు.

హోటళ్లవారి భయాన్ని స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు. వారి తాతలు ఆ వాహన పర్యాటకుడిని నమ్ముకునే అక్కడ కట్టుకున్నారు. అయినా, లోయల నుంచి లిఫ్టులు, బస్సులు తగినన్ని నడిపితే కనుమకు వచ్చేవారు తగ్గనక్కర లేదు, తగ్గేవి వాహనాలే. మూసివేత ఒక్క కనుమకే పరిమితమైతే మాత్రం వాహనాలు పక్క కనుమకు మళ్లుతాయి. బోల్జానో, త్రెంతో తమంతట తాము కలిసి సెల్లా, గార్డెనాలను మాత్రమే నియంత్రించగలవు. పొర్దోయికీ కాంపొలోంగోకూ ఒక్కో వాలు బెల్లూనోది కనుక, ఆ ప్రావిన్సును, వెనెతో ప్రాంతాన్ని సమాన భాగస్వాములుగా కూర్చోబెట్టి, ఖర్చులోనూ టికెట్టు ఆదాయంలోనూ వాటా ఇస్తేనే 55 కిలోమీటర్ల చుట్టుకు ఒకే నియమం రాగలదు.